లైసెన్సు మీద గంటలు రాస్తే ఏం పోయింది?

డ్రంకెన్ డ్రైవ్‌లో దొరికినవాడి లైసెన్సును ఆర్నెల్లు పూర్తిగా ఆపేయడం కంటే, పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఫలానా దారిలో మాత్రమే నడుపుకో అని రాసిచ్చే లైసెన్సే పెద్ద శిక్ష అని నా అభిప్రాయం. ఈ మాట మా రిటైర్డ్ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ల వాట్సాప్ గ్రూపులో పెడితే, 'గురువుగారికి అమెరికా గాలి తగిలింది' అని ఒకాయన, 'తాగుబోతుల సంఘానికి అధ్యక్షులయ్యారా' అని ఇంకొకాయన మొదలుపెట్టారు. అక్కడ వాదించే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

నేను కోస్తా జిల్లాల్లో మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఎల్‌ఎల్‌ఆర్‌లు, బళ్లకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు (ఎఫ్‌సీలు), చెక్‌పోస్టు డ్యూటీలు, యాక్సిడెంటయిన బండికి బ్రేకులు పనిచేశాయా లేదా అని పోలీసులకు రిపోర్టులు... సర్వీసంతా ఇదే. ఇప్పుడు టెక్సాస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మా తోడల్లుడి కొడుకు కూడా ఆ దగ్గర్లోనే ఒక అపార్ట్‌మెంట్లో ఉంటాడు. పేరు రాయను. పెళ్లి కావలసినవాడు.

ఓ శుక్రవారం రాత్రి స్నేహితుల ఇంట్లో పార్టీ చేసుకుని వస్తూ వాడు పోలీసులకు దొరికాడు. బండి లేన్‌లో సరిగా ఉండటం లేదని ఆపారట. కళ్ల ముందు పెన్ను ఆడించి చూపు పరీక్ష, గీత మీద తొమ్మిది అడుగులు వేసి వెనక్కి రావడం, ఒంటికాలి మీద నిలబడటం అయ్యాక చేతులకు బేడీలు పడ్డాయి. స్టేషన్‌లో ఊదమంటే ఊదనన్నాడు. ఇక్కడి మన కుర్రాళ్లలో ఒకరికొకరు నేర్పుకునే పాఠం అది: 'దొరికితే ఊదకురా.' పోలీసులు అదే రాత్రి జడ్జి దగ్గర వారంటు తెచ్చి రక్తం తీశారు. 0.11 వచ్చింది. ఇక్కడ హద్దు 0.08. అంటే మన లెక్కలో వంద మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాములు. మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌లో ఆ హద్దు 30. కాగితం మీద మన చట్టమే గట్టిదని గమనించాలి.

లైసెన్సు కార్డు అక్కడికక్కడే తీసేసుకుని చేతిలో ఒక కాగితం పెట్టారు. నలభై రోజులు అదే లైసెన్సు. పదిహేను రోజుల్లోగా విచారణ కోరకపోతే ఆ గడువు తీరగానే సస్పెన్షన్ దానంతటదే మొదలవుతుంది. క్రిమినల్ కేసు దారి వేరు, దీని దారి వేరు. కోర్టులో కేసు తేలేదాకా చూడకుండా శాఖ తరఫునే లైసెన్సు ఆపే ఈ పద్ధతిని 1976లో మొదట మిన్నెసోటా రాష్ట్రం తెచ్చింది, తర్వాత చాలా రాష్ట్రాలు అందుకున్నాయి. టెక్సాస్‌లో ఊది హద్దు దాటినవాడికి మొదటిసారి 90 రోజులు, ఊదనని మొండికేసినవాడికి 180. స్నేహితుల పాఠం వల్ల మావాడికి ఒరిగింది మరో తొంభై రోజులు. లాయరును పెట్టుకుని విచారణకు వెళ్లాడు, ఓడాడు.

ఆర్నెల్లు కారు లేకపోతే బస్సెక్కొచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. ఫ్రిస్కో చూసినవాళ్లు ఆ మాట అనరు. డాలస్‌లో డార్ట్ రైళ్లూ బస్సులూ ఉన్నాయి, పక్కనున్న ప్లేనోకూ వస్తాయి. ఫ్రిస్కో ఆ సంస్థలో చేరలేదు. మా అమ్మాయి ఇంట్లో పెరుగు నిండుకుంటే కారు తీయాల్సిందే. మావాడి ఆఫీసేమో ఇర్వింగ్‌లో, పాతిక మైళ్ల అవతల. రోజూ రానూపోనూ ఊబర్ పెట్టుకుంటే జీతంలో మిగిలేది అద్దెకే. ఆఫీసుకు వెళ్లకపోతే ఉద్యోగం పోతుంది. హెచ్‌1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే అరవై రోజుల గడువు, ఆ లోపల ఇంకోటి దొరకకపోతే మూటాముల్లె సర్దుకోవాలి. ఇలాంటి ఊళ్లో కారు ఆపడమంటే మనిషిని దేశం నుంచి పంపేయడమే. తాగి నడిపినందుకు ఇంత శిక్ష వేస్తున్నామని ఆ సస్పెన్షన్ కాగితం మీద ఎక్కడా రాసి ఉండదు.

అందుకని టెక్సాస్ చట్టంలో ఆక్యుపేషనల్ లైసెన్సు అని ఒకటి పెట్టారు. ఒహాయో, మిస్సోరీలలోనూ ఇలాంటిదే ఉంది, జార్జియాలో లిమిటెడ్ పర్మిట్ అంటారు. టెక్సాస్‌లోనైతే కోర్టుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఉద్యోగం, చదువు, ఇంటికి తప్పనిసరి పనులు, ఈ మూడింటికే ఇస్తారు. మామూలుగా రోజుకు నాలుగు గంటలు. ఎక్కువ కావాలని రుజువు చూపిస్తే పన్నెండు గంటల దాకా పెంచొచ్చు. ఏ రోజుల్లో, ఏ వేళల్లో, ఏ పని మీద, ఏ ప్రాంతంలో నడపొచ్చో ఆర్డరులో రాయాల్సిందే.

మావాడి ఆర్డరును నేను కళ్లజోడు తుడుచుకుని మరీ చదివాను. ఉద్యోగధర్మం వదల్లేదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిదిన్నర. శనివారం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా, కిరాణాకు. ఆదివారం ఖాళీ. తిరగదగ్గ కౌంటీలు మూడు: కాలిన్, డెంటన్, డాలస్. ఆ ప్రతి దగ్గర లేకుండా బండి ఎక్కకూడదు. మంగళవారం కార్యసిద్ధి హనుమాన్ గుడికి కూడా ఓ గంట అడగమని వాళ్లమ్మ ఇండియా నుంచి ఫోన్ల మీద ఫోన్లు. లాయరు నవ్వి ఊరుకున్నాడట. పోనీ శనివారం కిరాణా గంటల్లో గుడి దారిలో తగలదా అని ఆవిడ. తగలదమ్మా, ఆర్డరులో కిరాణా అని ఉంది అని నేనే చెప్పాల్సివచ్చింది.

ఆ గంటలు దాటి నడుపుతూ దొరికితే అది విడిగా ఇంకో నేరం. జైలుకు పంపగలిగిన నేరం. ఇచ్చిన లైసెన్సూ పోతుంది.

దీనికి తోడు ఇన్సూరెన్సు కంపెనీ నుంచి ఎస్ఆర్-22 అనే పత్రం. కంపెనీయే నేరుగా ప్రభుత్వానికి పంపుతుంది, ఈ మనిషికి పాలసీ ఉంది అని. పాలసీ ఆగిపోతే ఆ సంగతీ కంపెనీయే చెప్పాలి. ఎఫ్‌సీకి బండి తెచ్చే రోజు పొద్దున పుట్టి, సాయంత్రానికి ఎవరికీ గుర్తుండని ఇన్సూరెన్సు పాలసీలు చూసిన కళ్లకు ఇది ఎంత ముచ్చటేసిందో చెప్పలేను.

వీటన్నిటి కంటే నన్ను కట్టిపడేసింది కారులో ఉన్న ఓ మామూలు స్పైరల్ పుస్తకం. తేదీ, బయల్దేరిన టైము, ఓడోమీటరు రీడింగు, ఎక్కడికి, చేరిన టైము. జడ్జి రాయమన్నాడు. మన ట్రావెల్స్ బళ్లలో ఉండే ట్రిప్ షీట్ లాంటిదే, కాకపోతే ఇది నిజంగా రాస్తారు.

ఒక సాయంత్రం చూసింది చెబుతాను. నాతో పనిచేసిన ఒకాయన ఇర్వింగ్‌లో కొడుకు దగ్గరకొచ్చి ఉంటే, మావాడు ఆఫీసుకు పోతూ నన్ను అక్కడ దింపి, వచ్చేటప్పుడు ఎక్కించుకున్నాడు. ఆ రోజు వాడి మీటింగు సాగడంతో ఏడున్నరకు బయల్దేరాం. 121 హైవే మీద ముందెక్కడో యాక్సిడెంటయింది. బళ్లన్నీ నిలబడిపోయాయి. మావాడు రోడ్డు కంటే గడియారాన్నే ఎక్కువ చూస్తున్నాడు. ఎనిమిదీ ఇరవై అవుతుండగా, ఇక ఎనిమిదిన్నరకు ఇల్లు చేరేది లేదని తేలిపోయింది. తర్వాతి ఎగ్జిట్‌లో దిగి, ఒక పెట్రోలు బంకు పక్కన కారాపి, ఇంజన్ కట్టేశాడు. పుస్తకం తీసి టైము, రీడింగు, 'ట్రాఫిక్ వల్ల ఆపాను' అని రాశాడు. 'దిగకండి పెదనాన్నా, చలిగా ఉంది' అని, మా అమ్మాయికి ఫోన్ చేశాడు: 'అక్కా, బావను కూడా తీసుకుని రా. నా కారు ఎవరో ఒకరు నడపాలి.' వాళ్లొచ్చేదాకా ఇద్దరం ఆ బంకు లైట్ల కింద కూర్చున్నాం. ఇల్లేమో మైళ్లలో చూస్తే దగ్గరే. పోలీసు కారు కనుచూపు మేరలో లేదు.

కాగితం మీద రాసిన టైముకు భయపడి బండి ఆపిన మనిషిని సర్వీసంతా తిరిగినా నేను చూడలేదు. సస్పెన్షన్‌లో ఉన్న లైసెన్సుతో ధీమాగా లారీ తోలేవాళ్లను చూశాను. వాళ్లకు ఇక పోయేదేమీ లేదు. మావాడికి ఉంది. ఆ గంటలు వాడి దగ్గర మిగిలిన ఆస్తి. ఆస్తి ఉన్నవాడికే భయం.

నేను చెప్పదలచుకున్నదంతా ఇంతే. మనిషి చేతిలో కొంచెం మిగిల్చి, అది పోతుందనే జంకు పెట్టండి. అంతా ఊడలాక్కుంటే వాడు మర్నాటి నుంచి లైసెన్సు లేని డ్రైవరవుతాడు. సస్పెన్షన్‌లో ఉన్నవాళ్లలో సగానికి పైగా బండి నడుపుతూనే ఉంటారని అమెరికాలో రోడ్డు భద్రత మీద పనిచేసేవాళ్లు ఏళ్ల తరబడి చెబుతున్నారు. మన దగ్గర అలాంటి లెక్క తీస్తే సగంతో ఆగదని నా అనుమానం.

ఆ తర్వాత కొన్నాళ్లకు మావాడికి ఇండియా టీముతో రాత్రి కాల్స్ వచ్చాయి, అవీ ఆఫీసుకు వెళ్లి చేయాల్సినవి. ఎనిమిదిన్నర హద్దు పనికిరాకుండా పోయింది. అప్పుడు లాయరు ఇంకో దారి చూపించాడు. కారుకు ఇగ్నిషన్ ఇంటర్‌లాక్ బిగించుకుని రుజువు చూపిస్తే గంటలు, దారుల షరతులు ఎత్తేసే వీలు చట్టంలోనే ఉంది. అంటే గడియారానికి లొంగి ఉంటావా, యంత్రానికి లొంగి ఉంటావా, నువ్వే తేల్చుకో అన్నమాట. వాడు యంత్రాన్నే ఎంచుకున్నాడు.

డ్యాష్‌బోర్డు కింద నుంచి మెలికల వైరుతో వేలాడే అరచేతిలో పట్టే పెట్టె అది. దానికో గొట్టం. ఊదితే గానీ ఇంజన్ స్టార్టవదు. ఇక్కడ హద్దు 0.08 కాదు, దానికి ఎంతో కింద, 0.02, 0.03 ప్రాంతంలోనే తలుపేసేస్తుంది. ఎదురుగా చిన్న కెమెరా, ఊదిన ప్రతిసారీ ఫొటో తీస్తుంది. ఒకసారి ఊది బయల్దేరితే అయిపోలేదు. కొద్ది నిమిషాలకే మళ్లీ బీప్. దారి మధ్యలోనూ ఉండుండి అడుగుతుంది. ఊదకపోతే హారను మోగుతూ, లైట్లు వెలుగుతూ ఊరంతటికీ చాటింపు వేస్తుంది. నడుస్తున్న ఇంజన్‌ను మాత్రం ఆపదు. హైవే మీద ఇంజన్ ఆగిపోతే ఇంకో యాక్సిడెంటు కదా. ఆ చిన్న సంగతి ఆలోచించినవాడికి దండం పెట్టాలనిపించింది. నెలకోసారి షాపుకు తీసుకెళ్తే లోపలున్న రికార్డంతా లాగి పంపుతారు. నెలకు డెబ్బై నుంచి వంద డాలర్ల దాకా ఖర్చు, నడిపేవాడిదే.

ఒక పొద్దున యంత్రం వాణ్ని వద్దంది. ముందురోజు చుక్క ముట్టలేదు. తీరా చూస్తే వాళ్లమ్మ పంపిన హోమియో మందు. ఆ చుక్కల్లో ఉండేది ఆల్కహాలే. నోరు పుక్కిలించి, కాసేపాగి ఊదితే ఒప్పుకుంది గానీ, మొదటి ఊదుడు రికార్డులోకి ఎక్కనే ఎక్కింది. సీసా చెత్తబుట్టలోకి పోయింది. జలుబు మాత్రం వారంపాటు ఉంది.

గ్రూపులో మొదట వచ్చిన ప్రశ్న ఊహించిందే: 'మనవాళ్లు పక్కవాడితో ఊదించరా?' ఇక్కడివాళ్లూ ఊదించారు సార్. కెమెరా పెట్టింది అందుకే. 2005లో న్యూ మెక్సికో రాష్ట్రం మొదటిసారి దొరికినవాళ్లతో సహా నేరం రుజువైన ప్రతివాడికీ ఈ యంత్రం తప్పనిసరి చేసింది, ఆ తర్వాత చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. యంత్రం కారులో ఉన్నంత కాలం మళ్లీ తాగి దొరకడం దాదాపు మూడింట రెండు వంతులు తగ్గుతుందని అమెరికా ఆరోగ్య శాఖవారి అంచనా. యంత్రం తీసేశాక ఆ తేడా చాలావరకు చెరిగిపోతుంది. ఇది దాచకూడదు. యంత్రం అలవాటు మాన్పించదు, ఆ కారును ఆపుతుంది. రోడ్డు మీద నడిచేవాడికి కావలసింది రెండోదే.

లైసెన్సు ఆపేముందు మనిషి మాట వినాలన్న పట్టింపు ఈ దేశానికి ఊరికే రాలేదు. జార్జియాలో ఒక పాస్టరు ఉండేవాడు. మూడు పల్లెల్లో ప్రార్థనలు చేయించాలి, కారు లేకపోతే కుదరదు. 1968లో అయిదేళ్ల పాప సైకిలు తొక్కుతూ వచ్చి ఆయన కారు పక్కభాగాన్ని గుద్దుకుంది. ఆయనకు ఇన్సూరెన్సు లేదు. తప్పెవరిదో తేల్చకుండానే, నష్టపరిహారానికి డిపాజిట్ కట్టు, లేకపోతే లైసెన్సు ఇచ్చెయ్ అన్నారు. బెల్ వర్సెస్ బర్సన్ కేసు ఇది. 1971లో సుప్రీంకోర్టు, ఒకసారి ఇచ్చాక లైసెన్సు మనిషి బతుకుతెరువులో భాగమైపోవచ్చు, వినకుండా లాక్కోవడానికి వీల్లేదు అంది. తాగి దొరికినవాళ్ల విషయంలో అదే కోర్టు అంత మెత్తగా లేదు. ఊదననే డ్రైవర్ల లైసెన్సు ముందు ఆపి తర్వాత వినొచ్చని 1979లో మసాచుసెట్స్ కేసులో ఒప్పుకుంది. ఈ రెండు తీర్పుల మధ్య ఉన్న సన్నని దారిలోనే ఈ గంటల లైసెన్సు నడుస్తోంది.

టెక్సాస్‌ను పొగడటానికే కూర్చున్నానని అనుకోకండి. ఇదే రాష్ట్రం 2003లో డ్రైవర్ రెస్పాన్సిబిలిటీ ప్రోగ్రాం అని ఒకటి పెట్టి, తాగి నడిపి శిక్షపడ్డవాడి మీద జరిమానాకు అదనంగా ఏడాదికి కనీసం వెయ్యి డాలర్ల చొప్పున మూడేళ్లు సర్‌చార్జి వేసింది. ఇన్సూరెన్సు లేకుండా దొరికినవాళ్లకూ వేరే సర్‌చార్జి. కట్టకపోతే లైసెన్సు సస్పెన్షన్. ఏమైంది? పది లక్షల మందికి పైగా లైసెన్సులు పోయాయి. ఎక్కువమంది కట్టలేని బీదాబిక్కీ. పనికెళ్లకపోతే కట్టలేరు, బండి లేకపోతే పనికెళ్లలేరు. చివరికి 2019లో రద్దు చేశారు. పూర్తిగా లాక్కోవడం ఎలా బెడిసికొడుతుందో ఆ పదహారేళ్లు చూస్తే చాలు.

ఇప్పుడు మన ఇంటికొద్దాం. 185వ సెక్షన్ కింద మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ. 2019 సవరణతో పెంచిన మొత్తం అది. 20వ సెక్షన్ ప్రకారం శిక్ష వేసిన కోర్టు కనీసం ఆర్నెల్లు లైసెన్సుకు అనర్హుణ్ని చేయాలి. సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రత కమిటీ 2015లో కనీసం మూడు నెలల సస్పెన్షన్ ఉండాలని రాష్ట్రాలకు చెప్పింది. అనర్హత ఉండగా నడిపితే 182వ సెక్షన్ కింద ఇంకో పదివేలు. రాతలో లోటేమీ లేదు.

జరిగేదేమిటి? నేను పనిచేసిన ఒక ఆఫీసులో సస్పెన్షన్ ఆర్డర్లు రిజిస్టర్ పోస్టులో పోయేవి. 'డోర్ లాక్డ్' అని తిరిగొచ్చిన కవర్లు రబ్బరు బ్యాండు వేసి అలమారాలో ఉండేవి. కార్డేమో వాడి జేబులోనే. పగటిపూట చెకింగులో కార్డు చూపిస్తే చూసినవాడికి అది సస్పెన్షన్‌లో ఉందో లేదో తెలిసే దారి ఉండేది కాదు. ఇప్పుడు ఫోనులో చూసుకునే వీలుంది, చూసేవాళ్లు తక్కువ. హైదరాబాద్ పోలీసులు డ్రంకెన్ డ్రైవ్‌లో దొరికినవాళ్లను ఇంట్లోవాళ్లతో సహా గోషామహల్‌కు పిలిచి కౌన్సెలింగ్ ఇస్తారు, అది మంచి పని, భార్య ముందు, తండ్రి ముందు కూర్చోబెట్టడం మందు లాంటిదే. కాకపోతే కౌన్సెలింగ్ అయ్యాక బయట ఆపిన బండిని ఎవరు తీస్తున్నారో కూడా ఒక కన్నేసి ఉంచితే బాగుంటుంది.

ఆర్నెల్లు పూర్తిగా ఆపే కోర్టుకు ఇంకో ఇబ్బంది ఉంది. జడ్జీలూ మనుషులే. ఎదురుగా నిలబడ్డవాడు మెడికల్ రిప్రజెంటేటివ్, బండి లేకపోతే కొలువు పోతుంది, ఇద్దరు పిల్లలు అంటే చెయ్యి ఆడదు. జరిమానాతో సరిపెట్టాలనిపిస్తుంది. మధ్యలో మెట్టు లేనప్పుడు కాలు కిందికే పడుతుంది.

బాధితుల మాటేమిటి అని అడిగేవాళ్లకు నా దగ్గర ఎదురు మాట లేదు. కాలిఫోర్నియాలో 1980లో చర్చి ఉత్సవానికి నడిచి వెళ్తున్న పదమూడేళ్ల అమ్మాయిని తాగినవాడి కారు వెనక నుంచి గుద్ది చంపింది. వాడు అలాంటిదే ఇంకో కేసులో బెయిల్ మీద బయటికొచ్చి రెండు రోజులైంది. వాడి జేబులో చెల్లే లైసెన్సుంది. ఆ అమ్మాయి తల్లి క్యాండీ లైట్నర్ పెట్టిన సంఘమే ఎమ్ఏడీడీ, తాగి నడపడం మీద అమెరికా చట్టాలన్నిటినీ తిరగరాయించింది. ఈ ఇంటర్‌లాక్ అందరికీ పెట్టాలని గట్టిగా అడిగేవాళ్లలో ఇవాళ ఆ సంఘమూ ఉంది. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులే పూర్తి రద్దు ఒక్కటే చాలదన్నారంటే మనం కాస్త చెవి పెట్టొచ్చు. రెండోసారి దొరికినవాడికి, మనిషిని గుద్దినవాడికి ఈ వెసులుబాటు వెంటనే ఇమ్మని నేనూ అడగను. టెక్సాస్‌లోనూ పాత చరిత్ర ఉన్నవాడు యంత్రం బిగించుకోకపోతే తొంభై రోజుల నుంచి ఏడాది దాకా ఆగితే గానీ ఆ లైసెన్సుకు దిక్కులేదు.

లారీ, బస్సు డ్రైవర్ల సంగతి నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది. ఇక్కడ ఆక్యుపేషనల్ లైసెన్సుతో కమర్షియల్ బండి నడపడానికి వీల్లేదు. అంటే కంప్యూటరు ముందు కూర్చునేవాడు ఆఫీసుకు పోవచ్చు, స్టీరింగే ఆఫీసయినవాడికి తలుపు మూసేస్తారు. పైకి అన్యాయంగా ఉంటుంది. అయినా నలభై మంది ప్రాణాలు చేతిలో పెట్టుకునేవాడి విషయంలో నాకూ మెతకదనం లేదు. మన 20వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది, వాడేవాళ్లు తక్కువ: అన్ని రకాల బళ్లకూ కాకుండా ఫలానా తరగతి బండికే అనర్హత వేయొచ్చు. హెవీ లైసెన్సు ఆపి, టూవీలరు మీద ఇంకో పనికి పోనివ్వొచ్చు. బండి తరగతిని విడగొట్టగలిగిన చట్టం గంటను, దారిని విడగొట్టలేకపోయింది. అది కలపడానికి ఒక ఉపవాక్యం చాలు.

'దారి, టైము రాసివ్వడం ఎవడి వల్ల అవుతుంది, ఎవడు చూస్తాడు' అన్నాడు గ్రూపులో ఇంకో మిత్రుడు. అయ్యా, స్టేజ్ క్యారేజ్ పర్మిట్ల మీద రూటూ టైమింగ్సూ రాసింది మన శాఖ కాదూ? ఎల్ బోర్డు కట్టుకుని, పక్కన లైసెన్సున్నవాణ్ని కూర్చోబెట్టుకుని నడపమని షరతులతో ఎల్‌ఎల్‌ఆర్ ఇచ్చింది మనం కాదూ? షరతుల లైసెన్సు మనకు కొత్తేం కాదు. శిక్షపడ్డవాడికి ఇవ్వడమే కొత్త.

మావాడి కథలో మాత్రం కోర్టు చూపిన లెక్క ఇంకెక్కడా కనబడలేదు. తాగి నడిపిన కేసులో అరెస్టయితే, నేరం రుజువు కాకముందే వీసా రద్దు చేసే అధికారం అమెరికా కాన్సులేట్లకు 2015 నుంచి ఉంది. మావాడికి ఈమెయిల్ వచ్చింది. ఇక్కడ ఉన్నంత కాలం ఉద్యోగానికి అడ్డం లేదు. దేశం దాటితే మళ్లీ స్టాంపింగు, దానికి ముందు తాగుడు అలవాటుందా అని డాక్టరు పరీక్ష. తాతగారి సంవత్సరీకానికి రాలేకపోయాడు. ఒక శాఖ గంటల లెక్కన తూకం వేస్తే, ఇంకో శాఖ తక్కెడే తీయలేదు. పిల్లల్ని పంపిన తల్లిదండ్రులకు ఈ సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది.

మన దగ్గర దీన్ని మొదలుపెట్టాలంటే సొంత కారు ఉన్నవాళ్లతో మొదలుపెట్టొచ్చు. కారు కొన్నవాడు యంత్రానికి నెలనెలా కట్టగలడు. మొదటిసారి దొరికి, ఎవరికీ దెబ్బ తగలని కేసుల్లో కోర్టు రెండు దారులు చూపాలి: ఆర్నెల్లూ గంటల లెక్కన నడుపు, లేదా యంత్రం బిగించుకో. ఏ గంట దాటినా అక్కడినుంచి పూర్తి రద్దు. కట్టలేనివాడికి యంత్రం ఖర్చు జరిమానాల్లోంచి పెట్టాలి, లేకపోతే టెక్సాస్ సర్‌చార్జి కథే మళ్లీ.

తేలనిది టూవీలరు. మన డ్రంకెన్ డ్రైవ్ కేసుల్లో ఎక్కువ దొరికేది వాళ్లే. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర చిన్నటేకూరులో, రోడ్డు మీద పడి ఉన్న బైకును గుద్దుకుని బస్సు తగలబడి పంతొమ్మిది మంది ప్రయాణికులు పోయిన ఘోరంలో, ఆ బైకును తాగి నడిపి పడిపోయినవాడు కూడా పోయాడు. బైకుకు ఈ పెట్టె బిగించి, దారిలో బీప్ కొట్టినప్పుడల్లా ఊదమనడం అయ్యే పని కాదు. ఒంటిచేత్తో నడుపుతూ ఊదితే ఇంకో ప్రమాదం. మిగిలింది గంటల షరతే. రాత్రి ఎనిమిది దాటితే బైకు తీయకూడదు అని ఆర్డరులో రాస్తే, మా ఊళ్లో ఎనిమిదింటికి ఆ బైకును ఆపి పుస్తకం అడిగేదెవరు? ఇంట్లోవాళ్లకే ఆ పని అప్పగించి, ఆర్డరు ప్రతి భార్య చేతికో తల్లి చేతికో ఇవ్వాలని నా ఆలోచన. గ్రూపులో ఇది పెట్టాను. నిన్నటి నుంచి ఎవరూ కిమ్మనలేదు, ఒక్క పాత ఆర్టీవోగారు మాత్రం 'మా ఆవిడకు చూపించకండి' అని పెట్టారు.